మొదటి పెట్టె ఎక్కనన్న మనిషి

కిందటి వారం తాడాయన్ని మేనేజరు గది గుమ్మంలో వదిలిపెట్టాం. నెత్తిమీది టోపీ తీసి బల్లమీద పెట్టాడు. దాని పక్కన, సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నానని రాసిన కాగితం పెట్టాడు. మేనేజరు నోరు తెరిచేలోపు మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ మేనేజరు పరాయివాడేం కాదు, స్వయానా బావమరిది. అయినా ఆ సొంత కారణాలేమిటో బావమరిదికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకీ చెప్పలేదు. నోరు మెదపకుండా మానేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నాడు పాపం. పుట్టి పెరిగిన ఊరే అయినా ఊరి సంగతి ఆయనకి తెలియలేదు.

ఈ వారమే పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్లకి ఒక ముక్క చెప్పాలి. కింది ఊరికీ కొండమీది ఊరికీ మధ్య లోయ ఉంది. లోయ మీదుగా ఇనప తాడు, ఆ తాడుకి వేలాడుతూ రెండు పెట్టెలు. ఒకటి పైకి వెళ్తుంటే రెండోది కిందికి వస్తుంది. రోడ్డు లేకపోలేదు గానీ, అది కొండచుట్టూ తిరిగి తిరిగి, ఎందుకు బయల్దేరామో మరిచిపోయాక గానీ పైకి చేర్చదు. అందుకని పై ఊరి బడికి పంతులమ్మ, ఆస్పత్రికి నర్సమ్మ, దుకాణాలకి సరుకు, అన్నీ ఈ తాడుబండిలోనే వెళ్లాలి. ఆ తాడు మంచిచెడ్డలు చూసే పెద్ద ఉద్యోగం మనవాడిది. పాలు పోసేవాడు పాలాయన అయినట్టు, తాడు చూసేవాడు తాడాయన అయ్యాడు. అసలు పేరు ఆయన జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా కనపడదు.

ఆ ఉద్యోగానికో పద్ధతి ఉంది. తాడు బాగుందని చెప్పినవాడే పొద్దున్నే మొదటి పెట్టెలో ఒంటరిగా పైకి వెళ్లి కిందికి రావాలి. దిగాక టోపీ తీసి స్టేషను గోడకున్న మేకుకి తగిలించాలి. టోపీ మేకుకి పడ్డాకే జనం ఎక్కుతారు. పెద్దపెద్ద ఇంజనీర్లు సంతకాలు పెట్టిన సర్టిఫికెట్టు కూడా అదే గోడకి అద్దం బిగించి ఉంది. దాన్ని చదివిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మేకుకి టోపీ ఉందా, లేదా? ఊరికి కావలసింది అంతే.

ఇప్పుడు మేకు ఖాళీగా ఉంది.

ఆయన మానేసిన కారణం మనకి తెలుసు. భయం. కొన్ని నెలలుగా మొదటి పెట్టెలో వెళ్తుంటే దారి మధ్యలో గుండె జారి కడుపులో పడుతోంది, అరచేతులు తడిసిపోతున్నాయి. ఆయన జుట్టు ఆ తాడు కిందే నెరిసింది. అలాంటి మనిషికి ఎత్తంటే భయం పట్టుకుందంటే ఎవరికి చెప్పుకుంటాడు? ఈత నేర్పేవాడికి నీళ్లంటే భయమేసినట్టుంటుంది. వయసు మీద పడిందని తనకి తనే తీర్పు చెప్పుకుని, పరువు దక్కుతుండగానే తప్పుకున్నాడు.

ఊరు మాత్రం వేరే తీర్పు చెప్పింది. మొదటి పెట్టె ఎక్కేవాడు ఎక్కనన్నాడంటే తాడుకి ఏదో మూడినట్టే కదా. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. తాడులో ఒక పోగు తెగిందని క్షవరం దుకాణంలో అన్నారు. కూరగాయల దుకాణానికి చేరేసరికి అది నాలుగు పోగులైంది. ఫోన్లో పై ఊరికి ఎక్కేసరికి తాడు సగానికి సగం తెగిపోయి, మిగతా సగాన్ని దేవుడు చేత్తో పట్టుకుని ఉన్నాడు. మర్నాడు స్టేషనుకి జనం వచ్చారు గానీ ఎవరూ ఎక్కలేదు. నువ్వెక్కు అంటే నువ్వెక్కు అనుకున్నారు. పెట్టెలు ఖాళీగా పైకి వెళ్లి ఖాళీగా కిందికొచ్చాయి. ఆ మర్నాడూ అదే వరస. పై ఊరి బడికి తాళం పడింది. నర్సమ్మ రోడ్డు మీదుగా వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది, కట్టు మార్పించుకోవాల్సిన ముసలాయన ఎదురుచూసి ఎదురుచూసి ఇంటికి పోయాడు. కంపెనీ పెద్దలు మేనేజరుకి ఫోను చేసి ఒకటే మాట చెప్పారు. జనం ఎక్కని బండికి కరెంటు దండగ, ఈ వారమంతా ఇలాగే ఉంటే స్టేషనుకి తాళం వేసి తాళంచెవి పంపించు.

అదీ సంగతి. ఒక మనిషి పరువు దాచుకుంటే ఒక ఊరికి దారి మూసుకుపోయేలా ఉంది.

మేనేజరు తాడాయన ఇంటికి వచ్చేసరికి ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. ముందుగది సగం ఇల్లు, సగం దుకాణం. ఆయన భార్య బట్టలు కుడుతుంది. కిటికీ కింద మిషను, గోడ పొడుగునా ఎవరెవరివో చేతుల్లేని చొక్కాలు, కాలర్లు లేని చొక్కాలు వేలాడుతుంటాయి. ఆవిడ చక్రం తిప్పడం ఆపి నూనె డబ్బా కోసం వెతుకుతోంది.

ఇంత కీచుమంటుంటే పక్కనే కూర్చుని పేపరు ఎలా చదువుతున్నారండీ అని అడిగింది. ఏం కీచుమంటోందని ఆయన అడిగాడు. పెళ్లాం మాటే చెవికెక్కని మనిషికి మిషను గోల ఏం ఎక్కుతుందిలెమ్మని ఆవిడ రెండు చుక్కల నూనె పోసుకుని మళ్లీ పనిలో పడింది. వాకిట్లో తన తమ్ముడు బెల్లు నొక్కీ నొక్కీ విసిగిపోయాడని కూడా ఆవిడే చెప్పాలి. ఆయన కదల్లేదు. మొండితనం అనుకుంది. ఈ మధ్య ఆయన చాలావాటికి కదలడం మానేశాడు.

బావమరిదికి చిన్నప్పట్నుంచీ ఒక అలవాటుంది. గాబరా పడితే పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తాడు. ఆ రోజు బుగ్గలో ఒకటి, చేతిలో ఇంకొకటి పట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. బతిమాలాడు. కంపెనీవాళ్లు ఏమన్నారో చెప్పాడు. తన ఉద్యోగం పోతే పోయింది, పై ఊరివాళ్ల మొహం ఎలా చూడాలని అడిగాడు.

"తాడు బాగుంది," అన్నాడు తాడాయన.

"బాగుంటే ఎక్కు బావా."

"మానేశాను కదరా."

"మానెయ్. ఎవరు కాదన్నారు? మహారాజులా మానెయ్. ఒక్కసారి, ఇదే ఆఖరుసారి, ఎక్కి దిగి ఆ టోపీ మేకుకి తగిలించి వెళ్లిపో. దండ వేసి పంపిస్తాను."

తాడాయన పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. బావమరిది అడిగింది న్యాయంగానే ఉంది. ఎక్కడమా? పెట్టె తలుపు మూసిన చప్పుడు తలుచుకుంటేనే ఆయన చొక్కా వీపుకి అంటుకుంటోంది. నాకు భయంగా ఉందిరా అని ఒక్క మాట అంటే అయిపోను. ఆ మాట మాత్రం అనలేదు. నా వల్ల కాదన్నాడు. ఎందుకు కాదంటే, కాదంతే అన్నాడు.

చక్రం ఆగింది.

"ఆయన ఎక్కకపోతే నేనెక్కుతానురా," అంది భార్య.

ఇద్దరూ ఆవిడ వంక చూశారు. ఆవిడ మామూలుగానే ఉంది, చేతిలో ఎవరిదో కాలరు కూడా వదల్లేదు. ఆవిడ చెప్పింది వినడానికి చాలా తేలిక. జనానికి కావలసింది తాడు మీద నమ్మకం. తాడు సంగతి ఊరందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి తన భార్యని ఎక్కించాడంటే అంతకంటే ఏం కావాలి? ఏ మొగుడైనా చెడిపోయిన తాడు మీద సొంత పెళ్లాన్ని పంపుతాడా?

బావమరిది బుగ్గలోని బిళ్ల కొరికేశాడు. అక్క మాట ఆయనకి నచ్చింది, నచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా నచ్చడం మానలేదు. ఆపరేటరుకి ఫోను చేసి వస్తానని వాకిట్లోకి వెళ్లాడు.

గదిలో మొగుడూ పెళ్లాలు మిగిలారు. ఆవిడ కాలరు మడత పెట్టింది. మీరు వద్దంటే ఎక్కను, ఎందుకు వద్దో మాత్రం చెప్పండి అంది.

"తాడు బాగుంది. నీకేం కాదు," అన్నాడాయన.

"నేను తాడు సంగతి అడగలేదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మాట రాదని తేలాక చెప్పులు వేసుకోవడానికి లోపలికి వెళ్లింది. ఆవిడకి కోపం వచ్చిందనడం చిన్నమాట. ఒకే మంచం మీద పడుకునే మనిషి, తనకి జ్వరం వస్తే మందు పేరు కూడా ఆవిణ్ణే అడిగే మనిషి, ఉద్యోగం మానేసిన సంగతి కూరల దుకాణంలో వినేలా చేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. తాడాయనకీ ఆ సంగతి తెలుసు. తాడు బాగుందన్న నమ్మకం ఒక్కటే ఆయనకి ఆసరాగా ఉంది. ఆ నమ్మకం నిజమైనదే. మానేసే ముందు ఒక్కో స్తంభం ఎక్కి, తాడు నడిచే గిలకల్ని ఒక్కొక్కటే తడిమి, నూనె పోసి మరీ దిగాడు. ఎక్కడా తేడా కనపడలేదు. కాబట్టి ఆవిడకి ఏమీ కాదు. కాబట్టి నోరు మూసుకుని ఉండొచ్చు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈయన మౌనానికి మాత్రం పిరికితనం అనే పేరే సరిపోతుంది.

స్టేషన్లో ఇంకో చిక్కు వచ్చింది. మొదటి పెట్టె ఎక్కాల్సింది ఆ ఉద్యోగంలో ఉన్నవాడే. ఉద్యోగం ఖాళీ అయితేనే మేనేజరు ఇంకొకరి పేరు చెప్పొచ్చు. బావమరిది మాత్రం ఇన్నాళ్లూ ఆ రాజీనామా కాగితాన్ని టోపీ కింద అలాగే ఉంచాడు, మనసు మార్చుకోకపోతాడా అని. ఇప్పుడు అక్కని ఎక్కించాలంటే బావని వదులుకోవాలి. బల్ల దగ్గర నిలబడే, అంగీకరించాను అని రాసి సంతకం చేశాడు. కాగితం జేబులో పెట్టుకున్నాడు. బావమరిదికి బావ మీద ఎంత ప్రేమ ఉన్నా కలం కలమే. తాడాయన పక్కనే ఉండి అంతా చూశాడు. కోరుకున్నది దక్కింది. సంతోషించాలి కదా, సంతోషం మాత్రం రాలేదు.

టోపీ ఆవిడకి పెద్దదైంది. చెవులదాకా దిగితే రెండు పిన్నులు పెట్టి జుట్టుకి బిగించింది. స్టేషను నిండా జనం ఉన్నారు, పంతులమ్మ, నర్సమ్మ, కూరల బుట్టలవాళ్లు, ఏ పనీ లేకపోయినా ఇలాంటి పనులకి ముందుండేవాళ్లు. సొంత పెళ్లాన్ని పుచ్చిన తాడు మీద ఎవడైనా పంపుతాడా అని ఒకాయన పక్కవాడికి చెప్తుంటే, పంపేవాళ్లు లేకపోలేదులే అని వెనకనుంచి ఒక ముసలావిడ అంది. నవ్వులు వినపడ్డాయి. తాడాయన నవ్వలేదు.

పెట్టె తలుపు మూశారు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది, ఊరికి ఊపిందో మొగుడికి ఊపిందో తెలియకుండా. పెద్ద చక్రం తిరిగింది, పెట్టె మెల్లగా గోడ అంచు దాటి గాలిలోకి జారింది.

మిషను నడిపే గది స్టేషను కొసన, అద్దాల వెనక ఉంటుంది. ఆపరేటరమ్మాయి ముందు నాలుగు మీటర్లు, ఒక ఎర్ర బటను, పెట్టెతో మాట్లాడే ఫోను. ఆ ఫోన్లో ఇటునుంచీ అటునుంచీ వినపడేదంతా గదిలో ఒక స్పీకర్లోనూ, బయట జనం దగ్గర ఇంకో స్పీకర్లోనూ పలుకుతుంది. మొదటి పెట్టెలో ఏమంటున్నారో జనానికి తెలియాలని పాతవాళ్లు పెట్టించారు. ఇన్నేళ్లూ అందులో వినపడింది తాడాయన దగ్గు మాత్రమే. గదిలోకి ఉద్యోగంలో లేనివాళ్లు రాకూడదు. ఆయన గుమ్మం బయట ఆగాడు. ఆ అమ్మాయి వెనక్కి చూసి, రండి సార్ అంది.

స్పీకరు గరగరలాడింది. మొదటి స్తంభం దాటానని ఆవిడ చెప్పింది. గాలి చల్లగా ఉందట, మన ఇంటి డాబా కూడా కనపడుతోందట, ఆరేసిన బట్టలు లెక్కపెట్టొచ్చట. కాసేపటికి రెండో స్తంభం దాటింది.

"ఇక్కడ ఎంత బాగుందో," అంది స్పీకరు ఊరందరికీ. "ఇంత హాయైన ఉద్యోగం మా ఆయన ఎందుకు మానేశారో ఎవరైనా కాస్త అడిగి చెప్పండి. నేను అడిగితే చెప్పరు."

బయట జనం ఘొల్లుమన్నారు. ఆవిడ కావాలనే అంది. ఇంట్లో నాలుగు గోడల మధ్య అడిగితే రాని మాట ఊరి ముందు అడిగితే రాకపోతుందా అని. తాడాయన తడి అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆయన నేల మీద ఉన్నాడు, గోడ పక్కన, తలుపు గడి పట్టుకుని. అయినా ఆయన ప్రాణం ఆ పెట్టెతోపాటు వెళ్తోంది. తనకి రావలసిన భయాన్ని ఆవిడ నెత్తిన టోపీతో సహా పెట్టి పంపానని అప్పుడు తట్టింది. భార్యని పంపిన మగాడికి ఇక దాచుకోవడానికి పరువు మాత్రం ఎక్కడుంది?

ఫోను తీసుకున్నాడు.

"నాకు భయమే," అన్నాడు.

బయట నవ్వుతున్నవాళ్లు స్పీకరు దగ్గరికి జరిగారు.

"తాడుకి ఏమీ కాలేదు. నాకే అయింది. కొన్ని నెలల్నుంచీ ఆ పెట్టెలో వెళ్తుంటే కాళ్లు వణుకుతున్నాయి, ఊపిరి ఆడటం లేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకే మానేశాను. ఇంకే కారణమూ లేదు."

ఇన్నాళ్లుగా ఊరి గుండెల మీదున్న బండ దిగింది. ఓస్, ఇంతేనా అన్నారు ఎవరో. మా బావగారికి గోడ మీద బల్లి అంటే భయం, ఎత్తంటే భయపడటం ఏం తప్పు అన్నారింకొకరు. నవ్వులూ మొదలయ్యాయి, వెక్కిరింపు నవ్వులు కావు, చల్లటి నవ్వులు. పంతులమ్మ సంచీ భుజాన వేసుకుని పెట్టె ఆగే చోటికి నడిచింది. ఆవిడ వెనక నర్సమ్మ, ఆవిడ వెనక బుట్టలవాళ్లు. చూస్తుండగానే వరస కట్టేశారు. బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక గదిలోకి వచ్చి బావ చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టాడు.

ఇక్కడితో కథ కంచికి వెళ్లాలి. ఊరి అనుమానం తీరింది, తాళం తప్పింది, మొగుడు నోరు విప్పాడు. స్పీకరు మాత్రం అలా అనుకోలేదు.

"ఈ ముక్క నాకు ముందే చెప్పుంటే నేనేమైనా కొరికేదాన్నా?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఉన్నది బాధ.

ఆయన బిళ్ల జేబులో వేసుకుని ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.

"సరేలెండి. ఎక్కడేస్తుంది భయం?"

ఆ ప్రశ్న ఆవిడకి వృత్తిలో అబ్బింది. చొక్కా పట్టేస్తోందమ్మా అని ఎవరొచ్చినా ఆవిడ ముందు అడిగేది ఎక్కడ అనే. చంక దగ్గరా, మెడ దగ్గరా, చెయ్యెత్తితేనా? ఎక్కడో తెలిస్తే గానీ కత్తెర తియ్యదు.

"ఎక్కడేమిటి? దారిలోనే."

"దారంతానా?"

ఆయన ఆలోచించాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు.

"లేదు. మూడో స్తంభం దగ్గర."

"పైకి వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"రెండుసార్లూ అక్కడే."

"నాలుగో దాని దగ్గర?"

"అక్కడ ఉండదు. అది దాటేసరికి సర్దుకుంటుంది."

"అదేమిటండీ," అంది ఆవిడ. "నాలుగోది లోయ నడిబొడ్డున ఉంది. మూడోది చూస్తే గుట్ట మీద ఉంది. మేకలు మేస్తున్నాయి కింద. దూకినా కాలు బెణుకుతుందేమో గానీ ప్రాణం పోదు. ఎత్తంటే భయపడేవాళ్లు అక్కడ భయపడతారా?"

తాడాయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. ఎత్తు లేని చోట ఎత్తంటే భయమేమిటి? ఇన్ని నెలలుగా రోజూ, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, అదే స్తంభం, అదే చోటు. వయసని, నరాల బలహీనతని, ఖర్మని పేర్లు పెట్టాడు. భయానికి ఒక చిరునామా ఉందని ఒక్కసారైనా తోచలేదు. పెట్టె అదురులో అరికాళ్లకి తెలిసిందేదో తనకి తెలియలేదు.

ఆ స్తంభం ఎక్కి గిలకల్ని తనే తడిమాడు, అప్పుడు భయమూ వెయ్యలేదు. నిజమే. పెట్టె ఆగి ఉన్నప్పుడు తడిమాడు. బరువు పడని గిలక ఏం మాట్లాడుతుంది? జనం నిండిన పెట్టెలో ఎవరి కబుర్లు వాళ్లవి, ఎవరికి వినపడుతుంది? ఒంటరిగా, నిశ్శబ్దంగా ఆ గిలక మీదుగా వెళ్లే మనిషి ఊళ్లో ఒక్కడే. ఆ ఒక్కడూ తనే.

"మూడోది వచ్చేసిందండీ," అంది ఆవిడ. అని ఆగింది. "ఇక్కడ పిట్టేదో అరుస్తోంది."

తాడాయన ఊపిరి బిగపట్టి విన్నాడు. గాలి చప్పుడు, తాడు రొద. పిట్ట లేదు.

"కాదు, పిట్ట కాదు. మన మిషనుకి నూనె అయిపోతే అరుస్తుందే, కీచుకీచుమని, అచ్చం అలాగే. నెత్తిమీదే. వినపడుతోందా మీకు?"

ఆయన గదిలోవాళ్ల వంక చూశాడు. ఆపరేటరమ్మాయి స్పీకరు వంక తల తిప్పి ఉంది. బావమరిది నోట్లో బిళ్ల కదలడం లేదు. అద్దం అవతల వరసలో నిలబడ్డవాళ్లు కూడా మెడలెత్తి తమ స్పీకరు వంక చూస్తున్నారు. పంతులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అందరికీ వినపడింది. ఊళ్లో ఆ చప్పుడు వినడానికి జీతం తీసుకున్న మనిషికి తప్ప అందరికీ వినపడింది. పొద్దున మిషను, వాకిట్లో బెల్లు గుర్తొచ్చాయి.

"నాకు వినపడటం లేదే," అన్నాడు ఫోన్లో. అది ఆ రోజు ఆయన ఊరి ముందు ఒప్పుకున్న రెండో సంగతి, మొదటిదానికంటే ఇదే కష్టమైంది. తర్వాత ఆపరేటరమ్మాయి వైపు తిరిగి, "ఆపెయ్యమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి ఎర్ర బటను దాకా వెళ్లి ఆగింది. మేనేజరు వంక చూసింది. ఆమె తప్పేం లేదు. ఉద్యోగంలో లేని మనిషి ఆర్డరు మీద బండి ఆపకూడదు, ఆ సంతకం పడటం ఆమె కూడా చూసింది. బావమరిది జేబులోంచి ఆ కాగితం తీశాడు, నాలుగు ముక్కలు చేశాడు, ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తెలియక మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఆయన చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.

బటను నొక్కింది. మోటారు రొద తగ్గింది. పెద్ద చక్రం నెమ్మదించి, ఒక్క జర్కుతో ఆగింది. లోయ మీద ఇనప తాడు కాసేపు పైకీ కిందికీ ఊగి కుదుటపడింది. దూరంగా మూడో స్తంభానికి కాస్త ఇవతల ఆ చిన్న పెట్టె కదలకుండా వేలాడుతోంది.

తాడు ఆగితే గిలక తిరగదు. గిలక తిరగకపోతే అరవదు. తాడాయనకి ఈ లెక్క చిన్నపిల్లల ఎక్కం లాంటిది. అయినా తన చెవుల్ని ఇక నమ్మలేడు కదా, ఆ అమ్మాయినే అడిగాడు.

"ఆగిందా అమ్మా?"

"తాడు ఆగింది సార్."

"తాడు కాదమ్మా. ఆ కీచుమనేది."

ఆ అమ్మాయి స్పీకరు బాగా పెద్దది చేసి, దానికి చెవి ఆనించింది. బావమరిది కూడా పక్కకొచ్చి వంగాడు.

"ఆగలేదు సార్," అంది ఆ అమ్మాయి. "ఇందాకటికంటే ఎక్కువైంది."